ఆర్డ్‌నమర్ఖన్ తీరంలో పరుగు: పోటు, పాటు చూసుకుని వేసుకునే రూట్లు

స్కాట్లండ్ పడమటి తీరంలో పరుగెత్తాలనుకునేవాళ్లు ఎక్కువగా గ్లెన్‌కో లోయకో, స్కై దీవికో వెళ్తారు. రెండూ అందమైన చోట్లే. కాకపోతే సీజన్‌లో పార్కింగ్ దొరకడమే పెద్ద పని. ఆ రెంటికీ నడుమ, ఫోర్ట్ విలియమ్‌కు పడమటగా, అట్లాంటిక్‌లోకి చొచ్చుకుపోయిన ఆర్డ్‌నమర్ఖన్ ద్వీపకల్పం చాలావరకు ఖాళీగా ఉంటుంది. దక్షిణాన లాఖ్ సునార్ట్, ఉత్తరాన లాఖ్ మోయిడార్ట్, తూర్పున లాఖ్ షీల్. మొదటి రెండూ భూమి లోపలికి దూరిన సముద్రపు పాయలు, మూడోది మంచినీటి సరస్సు. అక్కడివాళ్లకు అన్నీ లాఖ్‌లే. వాటి ఒడ్డున పాత ఓక్ అడవులు, పడమటి కొసన తెల్లటి ఇసుక, మధ్యలో ఒక్క బండి మాత్రమే పట్టే రోడ్లు. సౌలభ్యం కోసం అంతా ఆర్డ్‌నమర్ఖన్ అంటున్నాను గానీ, కింద చెప్పే రూట్లలో కొన్ని పక్కనున్న సునార్ట్, మోయిడార్ట్ ప్రాంతాలవి.

గ్లాస్గోలోనో, ఎడిన్‌బరోలోనో చదువుకుంటూ, ఉద్యోగం చేసుకుంటూ, శనివారం పార్క్‌రన్‌లో ఐదు కిలోమీటర్లు హాయిగా లాగేసే మనవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. మారథాన్ చేసి ఉండక్కర్లేదు, ఆగకుండా గంటసేపు పరుగెత్తగలిగితే చాలు. అయితే ఊళ్లో రన్ ప్లాన్ వేసుకునే వరస ఇక్కడ పనికిరాదు. అక్కడ ముందు దూరం అనుకుంటాం, తర్వాత టైమ్ చూసుకుంటాం. ఇక్కడ ముందు సముద్రం ఎన్నింటికి వెనక్కి తగ్గుతుందో చూడాలి, తర్వాత కాలి కింద నేల ఎలాంటిదో చూడాలి. దూరం ఆఖర్న వచ్చే లెక్క.

1. నెల ఎంచుకోవడం

నా ఓటు మే నెలకే. హైలాండ్స్ పడమటి వైపు ఏడాది పొడుగునా వాన పడుతుంది. ఉన్నంతలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా కాస్త తెరిపి. మే చివర్లో రాత్రి తొమ్మిదిన్నరకు కూడా దారి కనిపించేంత వెలుతురు ఉంటుంది, కాబట్టి పొద్దున వాన పడితే సాయంత్రం పరుగెత్తవచ్చు. పైగా బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్క అప్పటికి ఇంకా మోకాలి ఎత్తు కూడా రాదు. జూలైలో అదే మొక్క ఛాతీ దాకా పెరిగి బాటను మూసేస్తుంది, దాని ఆకుల మీద పిడుదులు కాచుకుని ఉంటాయి.

సెప్టెంబర్ రెండో మంచి కాలం. కొండలు రాగి రంగుకు తిరుగుతాయి, మిడ్జ్‌లు అనే కుట్టే నుసుమలు తగ్గుతాయి. కానీ జింకల వేట జోరుగా సాగే రోజులు అవే. దాని సంగతి కింద చెప్తాను. డిసెంబర్‌లో పొద్దు తొమ్మిది ప్రాంతంలో పొడిచి నాలుగు కాకముందే కుంకుతుంది. కొత్తవాళ్లు చలికాలం జోలికి పోకపోవడమే మంచిది.

2. చేరుకోవడం, బస

గ్లాస్గో నుంచి ఏ82 రోడ్డు పట్టుకుని లాఖ్ లోమండ్, గ్లెన్‌కో మీదుగా వస్తే సుమారు 160 కిలోమీటర్ల దగ్గర, ఫోర్ట్ విలియమ్‌కు కాస్త ముందు, కోరన్ ఫెర్రీ వస్తుంది. కారుతో సహా ఐదు నిమిషాల్లో అవతలి ఒడ్డుకు చేరుస్తుంది. నడిచి ఎక్కేవాళ్లకు టికెట్ లేదు. ఫెర్రీ నడుస్తోందో లేదో బయల్దేరే ముందు చూసుకోండి. ఆగిపోతే గ్లెన్‌ఫిన్నన్, లాఖైలార్ట్ మీదుగా చుట్టూ తిరిగి రావాలి. ఆ దారి కూడా చూడదగ్గదే, కాకపోతే సగం పూట అందులోనే పోతుంది.

బసకు స్ట్రాన్‌టీయన్, సాలెన్, అఖారకల్ ఊళ్లు అనువైనవి. మొదటిసారి వెళ్లేవాళ్లకు అఖారకల్ చుట్టుపక్కలే మంచిది, కింద చెప్పే రూట్లలో రెండు అక్కడికి దగ్గర. మరీ పడమటనున్న కిల్‌ఖోవన్‌లో దిగితే సముద్రం బాగా కనిపిస్తుంది కానీ, సాలెన్ నుంచి అక్కడికి 30 కిలోమీటర్ల వంకర్ల రోడ్డుకు దాదాపు గంట పడుతుంది. ప్రతి రన్‌కూ రానుపోను రెండు గంటల డ్రైవింగ్ ఎవరికి కావాలి?

పెట్రోలు, సామాన్లు ఫోర్ట్ విలియమ్‌లోనే నింపుకోండి. అటు వెళ్లాక చిన్న కొట్లు ఉంటాయి, అవీ తొందరగా మూసేస్తారు. శాకాహారులైతే మరీ ముఖ్యం. కుక్కర్, బియ్యం, పచ్చడి సీసా డిక్కీలో ఉంటే రాత్రి భోజనం టెన్షన్ ఉండదు.

3. ముందు సముద్రం టైమ్ చూడండి

ఈ తీరంలో అమావాస్య, పౌర్ణమి దగ్గరి రోజుల్లో పోటుకూ (నీరు పూర్తిగా పెరిగే వేళ) పాటుకూ (పూర్తిగా తగ్గే వేళ) మధ్య నీటిమట్టం తేడా నాలుగు మీటర్ల దాకా ఉంటుంది. అంటే పొద్దున మీరు షూ తడవకుండా దాటిన ఇసుక మీద సాయంత్రం రెండు నిలువుల నీళ్లు ఉండొచ్చు. బ్రిటన్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు వాళ్ల ఈజీటైడ్ సైట్‌లో టోబర్‌మోరీ రేవు పట్టిక చూడండి. రాబోయే వారానికి ఉచితం. పట్టిక ఏదైనా సరే, టైమ్ గ్రీనిచ్‌దా, వేసవి టైమా అన్నది ముందు తేల్చుకోవాలి. చాలా అచ్చు పట్టికలు గ్రీనిచ్ టైమ్‌లోనే ఉంటాయి, వేసవిలో దానికి గంట కలపాలి. ఆ గంట మరిచిపోతే, నీరు తగ్గుతోందని మీరు నమ్మే వేళకు అది నిజానికి పెరుగుతూ ఉంటుంది.

వారాంతం ఎంచుకోవడానికి మాత్రం ఇంట్లో వేలాడే తెలుగు క్యాలెండర్ చాలు. ఈ తీరంలో అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు పెద్ద పోట్లు వస్తాయి. ఆ రోజుల్లో పోటు పొద్దున, సాయంత్రం ఆరేడు గంటల ప్రాంతంలో, పాటు మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట ప్రాంతంలో పడుతుంది. పరుగుకు ఇంతకన్నా అనువైన ఏర్పాటు ఉండదు: పొద్దున నిదానంగా టిఫిన్ చేసి బయల్దేరితే మీరు ఒడ్డుకు చేరేసరికి నీరు దూరంగా వెళ్లిపోయి ఉంటుంది. రోజు రోజుకూ ఈ టైమ్ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అష్టమి దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నానికి పోటు వస్తుంది, అయితే అప్పుడు పోటు, పాటు రెండూ చిన్నవే.

నీరు ఒకే వేగంతో పెరగదు. పడవవాళ్లు వాడే పన్నెండో వంతు లెక్క ఇక్కడ బాగా పనికొస్తుంది. పాటు మధ్యాహ్నం 1 గంటకు, తేడా నాలుగు మీటర్లు అనుకుందాం. మొదటి గంటలో పన్నెండో వంతు, అంటే 33 సెంటీమీటర్లు పెరుగుతుంది. రెండో గంటలో రెండు వంతులు, 67 సెంటీమీటర్లు. మూడో గంటలో మూడు వంతులు, నాలుగో గంటలో మూడు వంతులు, అంటే గంటకో మీటరు. తర్వాత మళ్లీ రెండు, ఒకటి. కాబట్టి మూడింటి దాకా మెల్లగా వస్తున్నట్టే అనిపించి, మూడింటికీ ఐదింటికీ మధ్య చూస్తుండగానే ఒడ్డు మారిపోతుంది. నేను పాటించే నియమం ఒక్కటే: నీరు దాటే చోటు ఉన్న రూట్ అయితే పాటుకు గంట ముందు బయల్దేరి, పాటు తర్వాత రెండు గంటల్లోపు తిరిగి గట్టు మీద ఉండాలి. తుపాను గాలి పడమటి నుంచి కొడుతుంటే పట్టికలో రాసిన దానికన్నా నీరు ఎక్కువే వస్తుంది, ఆ రోజు ఇసుక రూట్లు మానేసి అడవి రూట్ పట్టండి.

4. నేల రంగు చూసి అడుగు వేయడం

ఇక్కడ జారి పడేవాళ్లు ఎక్కువగా దిగుడులో పడరు. చదునుగా, పచ్చగా, మెత్తగా కనిపించే చోట కాలు దిగబడి పడతారు. పీట్ నేలలో, అంటే సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న తడినేలలో, ఏ మొక్క ఉందో చూస్తే కింద ఏముందో తెలుస్తుంది. కళ్లు చెదిరే లేతాకుపచ్చగానో, ఎర్రగానో ఉబ్బినట్టున్న నాచు స్ఫాగ్నమ్. అది తన బరువుకు ఎన్నో రెట్లు నీరు పట్టుకుంటుంది, అడుగేస్తే మడమ దాకానో, ఒక్కోసారి మోకాలి దాకానో పోతుంది. సన్నటి ముదురాకుపచ్చ కాడలతో తుంగలా గుంపుగా నిలబడ్డవి ఉంటే కింద నీరు పారుతోందని అర్థం, కానీ వాటి మొదళ్ల మీద అడుగు ఆగుతుంది. ఊదా పూల హెదర్ పొద ఉన్న చోట నేల కాస్త గట్టిగా, ఎత్తుగా ఉంటుంది. నల్లగా, మొక్క అన్నది లేకుండా నున్నగా మెరిసే పీట్ కనిపిస్తే పక్క నుంచి పోండి. బాగ్ మర్టిల్ అనే పొద ఆకులు కాలికి రాసుకుంటే ఘాటైన మంచి వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే తడినేల మీదకు వచ్చారన్నమాట.

ఒడ్డు రాళ్లకూ ఇలాంటి రంగుల పట్టీలు ఉంటాయి. నీటికి అన్నిటికన్నా దగ్గర గోధుమరంగు సముద్రపు నాచు, దాని మీద పరుగు అసాధ్యం, నడకే కష్టం. దానికి పైన నల్లటి తారు పూసినట్టు ఒక పట్టీ కనిపిస్తుంది. చాలామంది అది రాతి రంగే అనుకుంటారు. నిజానికి అది లైకెన్ అనే, రాళ్లకూ చెట్లకూ అంటుకుని పెరిగే జీవి పలుచటి పొర, తడిస్తే గాజు మీద నూనె ఒలికినట్టే. ఇంకా పైన పసుపు, నారింజ, బూడిద రంగు లైకెన్ మచ్చలు మొదలవుతాయి. అక్కడ షూ పట్టు దొరుకుతుంది. పోటు నీరు కూడా మామూలుగా అంత ఎత్తుకు రాదు. అందుకే కొత్త ఒడ్డు మీద పసుపు పట్టీ ఎక్కడుందో వెతుక్కుని దాని మీదే సాగుతాను.

వేగం లెక్క కూడా నేలను బట్టే. రోడ్డు మీద కిలోమీటరు ఆరు నిమిషాల్లో చేసేవాళ్లు అడవి మట్టిరోడ్డు మీద ఏడు, వేళ్లూ రాళ్లూ ఉన్న తీరపు బాట మీద తొమ్మిది, పది, తడి బీడు మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు వేసుకోండి. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్క్ చుట్టూ తిరిగిన కాళ్లకు మొదటి రోజు ఇది అవమానంగా అనిపిస్తుంది. వాచీలో వేగం చూపించే స్క్రీన్ మార్చేసి టైమ్ మాత్రం ఉంచుకుంటే సగం బాధ పోతుంది.

5. రూట్లు

మొదటి రోజు: ఆరియండల్ ఓక్ అడవి. స్ట్రాన్‌టీయన్ ఊరికి కాస్త ఉత్తరాన, పోలఖ్ వెళ్లే రోడ్డు పక్క నుంచి మొదలవుతుంది. ఇది జాతీయ ప్రకృతి సంరక్షణ ప్రాంతం. అట్లాంటిక్ తీరపు చల్లటి వానాకాడు ఇప్పుడు యూరప్‌లో కొన్ని ముక్కలే మిగిలింది, వాటిలో ఇదొకటి. వెడల్పైన మట్టిబాట ఓక్ చెట్ల కింద నుంచి మెల్లగా ఎక్కుతూ పోతుంది. పాత రోజుల్లో ఈ చెట్లను బొగ్గు కోసం, తోళ్లు పదునుపెట్టే బెరడు కోసం మొదలంటా నరికి మళ్లీ చిగురించనిచ్చేవారు. ఒకే మొదలు నుంచి రెండు మూడు బోదెలు లేచిన చెట్లు కనిపిస్తే కారణం అదే. ఒక్కసారి ఆగి ఏదో ఒక బోదె దగ్గరికి వెళ్లి చూడండి. నాచు, దాని మీద ఫెర్న్, దాని పక్కన ఊపిరితిత్తిలా మడతలు పడ్డ లంగ్‌వర్ట్ లైకెన్ ఉంటాయి. వాన పడిన రోజు అది మంచి ఆకుపచ్చగా ఉబ్బుతుంది, ఎండితే కాగితంలా గోధుమరంగుకు తిరుగుతుంది. గాలి శుభ్రంగా ఉన్న చోటే బతుకుతుంది.

అడవి దాటి గేటు వేసుకుని ముందుకు పోతే, ఒకప్పుడు సీసం గనులు తవ్విన లోయలోకి బాట తెరుచుకుంటుంది. ఇక్కడి గనుల ఖనిజంలోనే 1790లో కొత్త మూలకం ఆనవాలు దొరికింది. ఊరి పేరు మీదే దానికి స్ట్రాన్షియం అని పేరు పెట్టారు. దీపావళి మతాబులో ఎర్ర రంగు ఇచ్చేది ఆ మూలకం లవణాలే. ఎంత దూరం వెళ్లాలన్నది మీ ఇష్టం, మొదటి రోజుకు రానుపోను ఎనిమిది కిలోమీటర్లు చాలు. తిరిగి వచ్చేటప్పుడు నది పక్క చిన్న దారి పట్టొచ్చు గానీ, చెక్క పలకలు తడిగా ఉంటే వాటి మీద నడవండి. వైర్ మెష్ కొట్టని పలక మీద ఏ షూ పనిచేయదు.

రెండో రోజు, పాటు మధ్యాహ్నం ఉంటే: కాజిల్ చీరమ్, సిల్వర్ వాక్. బోర్డు మీద టియోరమ్ అన్నట్టు కనిపిస్తుంది, పలకడం మాత్రం చీరమ్. అఖారకల్ నుంచి షీల్ నది వెంట డోర్లిన్ దాకా కారులో వెళ్లాలి. ఎదురుగా లాఖ్ మోయిడార్ట్‌లో, ఇసుక మెడతో ఒడ్డుకు అంటుకున్న చిన్న దీవి మీద కోట ఉంటుంది. క్లాన్‌రనల్డ్ వంశపు కోట ఇది. 1715లో, గద్దె దించిన స్టువర్ట్ వంశాన్ని మళ్లీ రాజ్యానికి తేవాలని జరిగిన జాకొబైట్ తిరుగుబాటు వేళ, ప్రభుత్వ సైన్యం చేతికి చిక్కకూడదని సొంత నాయకుడే తగలబెట్టించాడు. లోపల గోడలు ప్రమాదకరంగా ఉన్నాయి, లోనికి పోవద్దు. పాటు వేళ ఇసుక దాటి దీవి చుట్టూ ఒక తిరుగుడు తిరిగి వచ్చేయండి. వార్మప్‌కు సరిగ్గా సరిపోతుంది.

తిరిగి ఒడ్డుకు వచ్చాక అసలు రూట్ మొదలు. కొండ పక్కను చెక్కి వేసిన సన్నటి బాట నీటికి పైన పైనే తూర్పుగా సాగుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఈ బాట వేస్తుంటే పాత వెండి నాణేల మూట దొరికిందట, అందుకే సిల్వర్ వాక్ అన్న పేరు. కొన్ని చోట్ల ఒక పక్క రాయి, ఇంకో పక్క నేరుగా నీళ్లు. అక్కడ పరుగు ఆపి నడవాలి. వెంట చిన్న పిల్లలుంటే ఈ రూట్ వద్దు. కాసేపటికి పాడుబడ్డ ఇళ్ల రాతి గోడలు వస్తాయి, పైకప్పులు ఎప్పుడో పోయాయి, గుమ్మాల్లో బ్రాకెన్ మొలిచింది. అక్కడి నుంచి బాట ఒడ్డు వదిలి బీడు మీదకు ఎక్కుతుంది. చిన్న చిన్న సరస్సులు దాటి బ్లెయిన్ దగ్గర రోడ్డుకు దిగి, షీల్ నది పక్కగా డోర్లిన్‌కు చేరుస్తుంది. మొత్తం సుమారు పది కిలోమీటర్లు. పది అనగానే గంట అనుకోవద్దు, రెండు గంటలు పెట్టుకోండి. బీడు మీద బాట మసక మసకగా ఉంటుంది, మ్యాప్ చేతిలో ఉండాలి. ఒక్క రూటే చేయగలిగినవాళ్లు ఇదే చేయండి. ఈ ప్రాంతంలో ఉన్నవన్నీ, అంటే కోట, లాఖ్, అడవి, బీడు, నది, ఒక్క చుట్టులో దొరికేది ఇక్కడే.

మూడో రోజు: కెంట్రా బే, పాడే ఇసుక. అఖారకల్ పక్కనే అరివేగెగ్ దగ్గర కారు ఆపి, గేటు దాటి, కెంట్రా ఖాతం అంచున మట్టిరోడ్డు పట్టాలి. పాటు వేళ ఎటు చూసినా బురద మైదానమే, దాని మీద పొడుగు ముక్కు పక్షులు మేత వెతుక్కుంటూ ఉంటాయి. తర్వాత గోర్టెన్‌ఫెర్న్ దగ్గర శంఖాకార చెట్ల తోట, దాన్ని దాటితే సముద్రం. రానుపోను సుమారు పది కిలోమీటర్లు, ఎక్కువగా గట్టి నేలే, అందరూ చేయగలిగిన రూట్. పొడి ఇసుక మీద పాదం ఈడిస్తే కీచుమని శబ్దం వస్తుంది. గుండ్రటి, ఒకే సైజు రేణువులు ఒకదానికొకటి రాసుకోవడం వల్ల వచ్చే చప్పుడది. వాన పడితే ఇసుక నోరు మూసుకుంటుంది, కాబట్టి కనీసం ఒక పూట ఎండ కాశాకే వెళ్లండి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడ సైనిక శిక్షణ జరిగింది. ఇసుకలో ఏదైనా ఇనుప ముక్క కనిపిస్తే ముట్టుకోవద్దు, తవ్వొద్దు.

పడమటి కొస: సానా, పోర్టూఅర్క్. కిల్‌ఖోవన్ దాటి సానా వెళ్లే దారిలో అఖ్‌నహా పల్లె వస్తుంది. చుట్టూ వలయంలా లేచిన కొండలు సుమారు ఆరు కోట్ల ఏళ్ల కిందటి అగ్నిపర్వతం వేళ్లు, పల్లె సరిగ్గా నడిమధ్యలో ఉంటుంది. సానాలో గవ్వల పొడితో ఏర్పడిన తెల్లటి ఇసుక తిన్నెలు ఒకదాని వెనక ఒకటి. సానా నుంచి పోర్టూఅర్క్ దాకా చిన్న బాట, పాటు వేళ చాలావరకు ఇసుక మీదుగానే పోవచ్చు. ఎదురుగా మక్, ఎగ్, రమ్ దీవులు, తెరిపిగా ఉంటే వెనక స్కై కొండలు. దూరం తక్కువ, అటూ ఇటూ రెండుసార్లు తిరిగినా అలసట ఉండదు. ఏప్రిల్ నుంచి జూలై దాకా ఇసుక, గులకరాళ్ల మీదే గుడ్లు పెట్టే పక్షులుంటాయి, అందుకని తడి ఇసుక మీద పరుగెత్తాలి. పక్షి మీ తల మీద తిరుగుతూ అరుస్తుంటే గూడు దగ్గరున్నట్టే. వచ్చిన దారినే వెనక్కి మళ్లండి. పక్కనే 1849లో కట్టిన 36 మీటర్ల లైట్‌హౌస్ ఉంది, అక్కడికి కారులో పోతేనే మేలు, ఆ సన్నటి రోడ్డు మీద పరుగు విసుగు.

లాంగ్ రన్ కావాలంటే: లాఖ్ షీల్ ఒడ్డు. గ్లెన్‌ఫిన్నన్ పక్కనున్న కాలప్ నుంచి పోలఖ్ దాకా సరస్సు తూర్పు ఒడ్డున అటవీ రోడ్డు సుమారు 20 కిలోమీటర్లు. నేల గట్టిది, దారి తప్పే ప్రసక్తే లేదు, మారథాన్ ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లకు వరం. గద్దలు కనిపించే అవకాశం బాగా ఉంది. చిక్కల్లా ఒక్కటే: మధ్యలో ఊరు లేదు, కొట్టు లేదు, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోలేం. అవతలి కొసకు ఎవరైనా కారు తెచ్చేవాళ్లుంటేనే మొత్తం చేయండి. పోలఖ్ చేరాక స్ట్రాన్‌టీయన్‌కు మళ్లీ కొండ దాటే రోడ్డుందని మరిచిపోవద్దు. ఒంటరివాళ్లు గంటన్నర వెళ్లి వెనక్కి తిరగడం నయం.

6. వెంట ఏముండాలి

షూ అడుగున ఐదారు మిల్లీమీటర్ల పళ్లున్న ట్రెయిల్ షూ కావాలి. వాటర్‌ప్రూఫ్ షూ మీద డబ్బు తగలేయకండి. నీరు పైనుంచి లోపలికి వస్తుంది, వచ్చాక బయటికి పోదు. తడి ఎలాగూ తప్పదు, తొందరగా ఆరే జాలీ షూ, ఉన్ని సాక్సులు మేలు. కుట్ల మీద టేపు వేసిన, తలకప్పు ఉన్న రెయిన్ జాకెట్ ఎండగా ఉన్నా బ్యాగులో ఉండాలి. దాంతోపాటు ప్లాస్టిక్ సంచిలో చుట్టిన వెచ్చటి బనీను, పలుచటి టోపీ, గ్లవ్స్, ఒంటి వేడి పోకుండా లోపల దూరే రేకు సంచి, హెడ్‌టార్చ్, ఈల. పరుగెత్తుతున్నంతసేపు చలి తెలియదు. కాలు బెణికి ఆగారంటే పది నిమిషాల్లో వణుకు మొదలవుతుంది, ఈ సామానంతా ఆ పది నిమిషాల తర్వాతి కోసం.

మ్యాప్ విషయంలో పిసినారితనం వద్దు. బ్రిటన్ ప్రభుత్వ మ్యాప్ సంస్థ ఆర్డ్‌నన్స్ సర్వే వాళ్ల ఎక్స్‌ప్లోరర్ మ్యాప్‌లలో 390, 391 నంబర్లు ఈ ప్రాంతానికి సరిపోతాయి. ఫోన్‌లో ఆఫ్‌లైన్ కాపీ పెట్టుకున్నా సరే, కాగితం ఒకటి ఉంచండి. వాన చుక్కలు పడ్డ స్క్రీన్ వేలి మాట వినదు. తినడానికి జెల్ ప్యాకెట్ల కన్నా పల్లీ చిక్కీ, ఖర్జూరం బాగా పనిచేస్తాయి, రుచి సంగతి చెప్పక్కర్లేదు. వాగు నీరు పీట్ వల్ల టీ రంగులో ఉంటుంది, రంగు భయపెట్టేదేం కాదు. కానీ పైన గొర్రెలు, జింకలు మేస్తుంటాయి కాబట్టి ఫిల్టర్ చేయకుండా తాగొద్దు.

7. మిడ్జ్‌లు, పిడుదులు

మిడ్జ్ అంటే రక్తం తాగే నుసుమ. మే చివర నుంచి సెప్టెంబర్ దాకా, గాలి నిలిచిపోయిన తేమ పూటల్లో, ముఖ్యంగా పొద్దున, సాయంత్రం వేలకు వేలు లేస్తాయి. కాస్త గాలి వీస్తే ఎగరలేవు, పరుగెత్తే మనిషిని పట్టుకోలేవు. అందువల్ల ఇబ్బందంతా కారు దగ్గర లేసు కట్టుకునేటప్పుడే. షూ ఇంట్లోనే వేసుకుని రండి, స్ట్రెచింగ్ మళ్లీ ఇంటికెళ్లాక చేసుకోండి. తలకు వేసుకునే వల చూడ్డానికి నవ్వులాటగా ఉన్నా కొనుక్కోండి.

పిడుదులు నిజంగా జాగ్రత్త పడాల్సినవి. వాటి కాటు వల్ల లైమ్ వ్యాధి అనే బాక్టీరియా జబ్బు రావచ్చు. స్నానానికి ముందు మోకాళ్ల వెనక, గజ్జల్లో, చంకల్లో, నడుము పట్టీ కింద, చెవుల వెనక వెతకాలి. కొన్ని గసగసాల గింజంత చిన్నవి. దొరికితే నూనె పూయడం, అగ్గిపుల్లతో కాల్చడం లాంటి ఇంటి వైద్యాలు వద్దు. మందుల షాపులో చవగ్గా దొరికే చిన్న కొక్కెంతో చర్మానికి ఆనించి తీసేయాలి. ఆ తర్వాత నెల రోజుల్లో ఎప్పుడైనా కరిచిన చోట ఎర్రటి మచ్చ వలయంలా వ్యాపిస్తే, జ్వరం లాంటిది వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లి పిడుదు కరిచిందని మీరే చెప్పండి. మన చర్మపు ఛాయ మీద ఆ ఎరుపు అంత కొట్టొచ్చినట్టు కనిపించదు, అందుకని ఫోటో తీసి పెట్టుకుంటే పోల్చుకోవడం తేలిక.

8. అక్కడి పద్ధతులు

స్కాట్లండ్‌లో 2003 భూసంస్కరణ చట్టం ప్రకారం, బాధ్యతగా మసలుకున్నంతవరకు దాదాపు ఏ భూమి మీదనైనా నడిచే, పరుగెత్తే హక్కు ఉంది. ఇళ్ల ప్రాంగణాలు, పంట చేలు మాత్రం మినహాయింపు. గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి. ఏప్రిల్, మే నెలల్లో గొర్రెలు ఈనే కాలం, మంద కనిపిస్తే దూరంగా చుట్టి పోండి. సెప్టెంబర్, అక్టోబర్‌లలో జింకల వేట బోర్డు కనిపిస్తే అందులో చెప్పిన దారినే వెళ్లండి, కావాలంటే ముందు రోజే అడిగితే ఎటు వెళ్లొచ్చో చెప్తారు. ఒంటి వరస రోడ్డు మీద అక్కడక్కడా ఉండే వెడల్పు జాగాలు ఎదురుబండికి దారి ఇవ్వడానికే. ఫోటో కోసమైనా సరే అక్కడ కారు ఆపి పరుగుకు పోతే ఊరంతా తిట్టుకుంటుంది.

9. ఏదైనా జరిగితే

బయల్దేరే ముందు ఎవరికో ఒకరికి రూట్, తిరిగొచ్చే టైమ్ చెప్పి, ఎన్నింటి దాకా మెసేజ్ రాకపోతే కంగారు పడాలో కూడా చెప్పండి. ప్రమాదం కొండ మీదైతే 999కి ఫోన్ చేసి పోలీసును, తర్వాత మౌంటెన్ రెస్క్యూను అడగాలి. నీటి అంచున అయితే కోస్ట్‌గార్డ్‌ను అడగాలి. మాట్లాడే సిగ్నల్ లేకపోయినా మెసేజ్ వెళ్లే చోట్లుంటాయి. 999కి మెసేజ్ పంపాలంటే ముందే నమోదు చేసుకుని ఉండాలి, ఇంట్లో కూర్చుని రెండు నిమిషాల్లో చేసేయొచ్చు. ఈలతో నిమిషానికి ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు ఊదడం అక్కడి ఆపద సంకేతం.

ఇంటికి బయల్దేరే ముందు షూ అడుగున బురదంతా గీకి, బ్రష్‌తో కడిగి, ఆరబెట్టండి. స్కాట్లండ్ పడమటి అడవుల్లో లార్చ్ చెట్లను చంపే ఒక తెగులు బురదతో పాటు ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోతుంది. ఆరియండల్‌లో పరుగెత్తిన షూతోనే సాయంత్రం ఇంకో అడవికి వెళ్లాలనుకుంటే మధ్యలో ఈ కడుగుడు తప్పనిసరి. డిక్కీలో ఐదు లీటర్ల నీళ్ల డబ్బా, పాత కూరగాయల బ్రష్ ఒకటి పడేసుకుంటే సరిపోతుంది.